ఎంటు పర్వము అనెడి పనసఫల విజయము

స్వస్తి. లోకములన్నియు మూతికి గుడ్డ కట్టుకొని, మనుష్యుని చూచిన మనుష్యుడు ఆరడుగులు వెనుకకు జరుగుచుండిన మహామారీ కాలమున, రెండవ అల పోటెత్తి దిగుచున్న మండువేసవిని, బెంగళూరు మహానగర తూర్పు దిక్కున, కె.ఆర్.పురం రైలుస్టేషనుకు కూతవేటు దూరమున, రైళ్లే కూత మరచిపోయిన ఒకానొక సాయంకాలమున, మంజునాథ నిలయ అను నాలుగంతస్తుల పన్నెండిళ్ల దుర్గమునందు జరిగిన ఘోర సంగ్రామమును చెప్పెద, వినుడు.

సంగ్రామమంటే కత్తులూ కటార్లూ అనుకునేరు. తంబోలా. అంకెల చీటీలాట. నవ్వకండి. పదిగంటలకల్లా అంగళ్లు మూసి, వీధి చివర అడ్డుకర్ర కట్టి, జనాన్ని ఎక్కడివాళ్లనక్కడ బాల్కనీలకు కట్టేసిన ఆ రోజుల్లో మనిషికి మిగిలిన రణరంగం అదొక్కటే. రోజూ అయిదింటికి పన్నెండు బాల్కనీల్లో పన్నెండు కుటుంబాలు పెన్నులు దూసి నిలబడేవి. ఆ పెన్నుల తళతళలు చూసి కాకులు కూడా ఎదురింటి నీళ్లట్యాంకు మీదికి మారిపోయేవని ప్రతీతి.

ఇక మన కథానాయకుడు. వర్గమూల విదారణ దక్షుడు, త్రికోణమితి మదగజ కుంభస్థల విదళన పంచాననుడు, బాపట్ల సంభవుడు శ్రీమాన్ శామ్యూల్. అనగా హైస్కూలు లెక్కల మాస్టారు. బెంగళూరు వచ్చి రెండేళ్లయింది. అందులో సగం కాలం లాప్‌టాప్ తెర మీది నలభై నల్లచదరాలకు సూత్రాలు చెబుతూ, "ఒరేయ్, ఎవరైనా ఉన్నార్రా" అని అడుగుతూ గడిచిపోయింది కాబట్టి, కన్నడం నేర్చుకునే తీరిక ఆ మహావీరుడికి చిక్కలేదు. ఈ లోపాన్ని శ్రోతలు గుర్తుంచుకోవాలి. వీరుడికి మడమో తొడో ఏదో ఒకచోట బలహీనత ఉండటం ఆనవాయితీ, ఈయనకు అది చెవిలో ఉంది.

ఆయన అర్ధాంగి ప్రమీల, ఆసుపత్రిలో నర్సు. పదకొండు రోజుల కిందట డ్యూటీ నుంచి వస్తూనే గుమ్మంలో నిలబడి, "నన్ను ముట్టుకోకండి, పాజిటివ్" అని చెప్పి, బాల్కనీ పక్క గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. జ్వరం మూడోరోజుకే తోక ముడిచింది. ఆక్సిజను తొంభై ఏడు దగ్గర గుంజలా నిలబడింది. కానీ ఆ రోగం వెళ్తూ వెళ్తూ ఊరికే పోలేదు, ఆవిడ ముక్కులోంచి వాసన అనే నిధిని మూటగట్టుకుని మరీ పోయింది.

అది ఎలాంటి ముక్కనుకున్నారు? పాలు విరగబోయే ముందురోజే చెప్పగల ముక్కు. వార్డులో అడుగుపెడుతూనే ఎవరి కట్టు మార్చాలో గుర్తుపట్టే ముక్కు. శామ్యూల్ స్కూల్లో బజ్జీలు తిన్నాడా బోండాలు తిన్నాడా అన్నది మెట్ల మీదుండగానే తీర్పు చెప్పే న్యాయస్థానం. అలాంటి న్యాయస్థానానికి తాళం పడింది. పగలంతా ఆవిడ తలుపు వెనక నుంచి నవ్విస్తూనే ఉండేది గానీ, తొమ్మిదో రోజున మాత్రం, "ఇంక నేను వార్డులో ఏం పనికొస్తానండీ, ఇంట్లో కూర మాడినా తెలియదు కదా" అంది, నవ్వకుండా. శామ్యూల్‌కు ఆ మాటకు భయం వేసింది. జ్వరానికి పడని భయం దీనికి పడ్డాడు.

ప్రయత్నలోపం లేదు. డికాక్షన్ మరిగించాడు. అమృతాంజనం మూత తీసి తలుపు సందులో పెట్టాడు. చివరికి బాపట్ల నుంచి తెచ్చుకున్న ఎండురొయ్యల పొట్లం విప్పి, పొయ్యి మీద వేయించాడు. పన్నెండిళ్ల కిటికీలు పటపటా మూతపడ్డాయి, మూడో అంతస్తులో ఎవరో బట్టలు తీసుకుని లోపలికి పరుగెత్తారు, తలుపు వెనక నుంచి మాత్రం, "ఏవండీ, ఇవాళ వంట చెయ్యలేదా" అని వినబడింది.

అట్టి నిరాశాంధకార సమయాన, భవన సంఘాధ్యక్షుడు మునినారాయణప్ప వాట్సాప్ గ్రూపులో ఒక ప్రకటన విడుదల చేశాడు: రేపటి ఫుల్ హౌస్‌కు, అంటే చీటీలోని పదిహేను అంకెలూ ముందుగా కొట్టేసినవారికి, బహుమతి హొసకోటె తోటలో కాసిన పనసపండు ఒకటి, తొమ్మిది కిలోలు. అది చదివి శామ్యూల్ కుర్చీలోంచి లేచాడు. ఎండురొయ్యలు ఛేదించలేని కోటను ఛేదించగల శక్తి భూమండలంలో ఇంకేదైనా ఉంటే అది పనసపండే. బస్సు వెనక సీటు కింద పెడితే డ్రైవరుకు తెలిసే వాసన అది.

"అడిగితే ఇవ్వడా" అని మీరు అడగవచ్చు. ఇచ్చేవాడే. కానీ పదకొండు రోజులుగా పాలు, కూరలు, మందులు, అన్నీ ఇరుగుపొరుగులే బాల్కనీ నుంచి వేలాడే తాడు బకెట్లో వేసి పంపుతున్నారు. గుమ్మానికి అంటించిన క్వారంటైన్ కాగితం దాటి శామ్యూల్ అడుగు బయట పెట్టలేడు. ఇంకా ఏ మొహంతో పనసపండు అడుగుతాడు? ప్రమీల ముందే చెప్పింది, "ఇంకేమీ అడక్కండి వాళ్లని, నాకు సిగ్గుగా ఉంది" అని. కాబట్టి యాచన నిషిద్ధం, విజయమే శరణ్యం.

అంతట ఆ వీరుడు గది తలుపు ఎదుట నిలిచి, కుడిచేతి పెన్నును ఖడ్గమువలె ఎత్తి, మేఘగంభీర స్వరమున ఇట్లనియె: "ఓ ఘ్రాణేంద్రియ విరహ ఖిన్నా, వినుము. రేపటి సూర్యుడు అస్తాద్రి చేరులోపల, కంటకకంచుక ధారియు, మధుభరిత గర్భుడునగు ఆ పనసరాజును చెరపట్టి తెచ్చి నీ గడప ముందు పడవేయనినాడు, నేను లెక్కల మాస్టరునే కాను." ఇది కవి కల్పన. ఆయన నిజంగా అన్నది, "ప్రమీలా, టీ పెట్టనా?" అని. "పెట్టండి, ఎలాగూ వేణ్ణీళ్లలాగే ఉంటుంది" అని జవాబొచ్చింది. అయినా రెండింటి అర్థం ఒకటేనని నా నమ్మకం.

మర్నాడు అయిదు గంటలయింది. నీళ్ల సంపు మూత మీద, గోనెసంచి కప్పుకుని పనసపండు ఆసీనమైంది. దాని పక్కన ప్లాస్టిక్ కుర్చీలో మునినారాయణప్ప. ముప్పైనాలుగేళ్లు సిటీబస్సులో కండక్టరీ చేసిన మనిషి. పదవీ విరమణ చేశాడు గానీ తోలుసంచినీ విజిలునూ విడవలేదు. సోడామూతల మీద తెల్లరంగుతో రాసిన తొంభై అంకెలూ ఇప్పుడు ఆ తోలుసంచిలోనే ఉంటాయి. తాతల నాడు బెంగళూరు వచ్చి స్థిరపడిన తెలుగువాళ్లు వాళ్లు. ఆయన మామూలుగా ప్రతి అంకెనూ తెలుగులో ఒకసారీ ఇంగ్లీషులో ఒకసారీ పిలుస్తాడు. అయితే ఆట వేడెక్కినప్పుడు మాత్రం, సిటీబస్సు రద్దీలో టికెట్లు కోసిన నాలుక తనకు తెలియకుండానే కన్నడంలోకి జారుతుంది. దీన్ని కూడా గుర్తుంచుకోండి.

"రైట్ రైట్" అన్నాడు ఆయన రెండు విజిళ్లు ఊది. "టికెట్ లేనోళ్లు ఎవరన్నా ఉండారా? పండు ఈడే ఉండాది, అందరూ చూసినారు కదా. పోనీ పోనీ."

శత్రుసేనలో ఒక్కరి పేరే చెబుతాను, మిగతా పదిళ్ల వాళ్లు సంఖ్యాబలం కోసం ఉన్నారు. మూడో అంతస్తు వరూధిని. నాలుగు ఆటల నుంచి ఓటమి ఎరుగని అజేయ. ఇదివరకే శానిటైజరు సీసా, గుమ్మడికాయ, రెండు కిలోల ఉల్లిపాయలు, ఒక కుక్కర్ గాస్కెట్టు ఆమె వశమయ్యాయి. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై ఒక్క ఏళ్లు చెవికి గొట్టం తగిలించుకుని అంకెలు విన్న మనిషి. సోడామూత సంచిలో దొర్లే చప్పుడును బట్టే అంకె కనిపెట్టేస్తుందని గిట్టనివాళ్లు అనేవారు.

యుద్ధం ఆరంభమయింది. మూతలు గలగలలాడాయి. అంకెలు అమ్ములపొదిలోంచి అమ్ముల్లా దూసుకొచ్చాయి. నలభై రెండు, పదిహేడు, ఎనభై అయిదు. శామ్యూల్ ఒక్కొక్క అంకెనూ అడ్డంగా నరుకుతూ, నరికిన ప్రతిసారీ బాల్కనీలోకి తెరుచుకునే ప్రమీల గది కిటికీ వైపు తిరిగి చెబుతున్నాడు. కిటికీ రెక్క మూసే ఉంది, దాని వెనక చెవి మాత్రం తెరిచే ఉంది. "పదకొండు అయ్యాయి ప్రమీలా, ఇంకా నాలుగు." "ముప్పైతొమ్మిది కూడా పోయింది." "ఇంక ఒక్కటే. ఎనిమిది. ఒట్టి ఎనిమిది."

"పైన వరూధిని గారికి?" అంది కిటికీ.

పైనా ఒక్కటే. అరవై మూడు. ఆమె రెయిలింగు మీద మోచేతులు ఆనించి, ఆవలిస్తూ నిలబడి ఉంది. ఆవలించే శత్రువు కంటే భయంకరమైన శత్రువు లేడు. శామ్యూల్ నుదుటి చెమట కళ్లద్దాల మీద పడింది, రెండు మాస్కుల వెనక ఊపిరి ఆవిరయింది. రెండో తరగతి నుంచి తన చెప్పుచేతల్లో పడి ఉన్న అంకెల్లో ఒకే ఒక్కటి, ఒళ్లంతా కలిపి రెండే సున్నాలున్న ఎనిమిది, ఇవాళ రమ్మంటే రావడం లేదు.

సరిగ్గా అప్పుడు కింది ఇంటి వంటగదిలో ఎవరో నూనెలో ఎండుమిర్చి వేశారు.

ఆ ఘాటు గోడ వెంబడి పైకి పాకి, వీరుడి రెండు మాస్కులనూ భేదించి, నాసారంధ్రాలలో ప్రవేశించింది. శామ్యూల్ తుమ్మాడు. ఆ రోజుల్లో తుమ్మంటే ఏమిటో మరిచిపోకండి. పిడుగు పడితే జనం అంత నిశ్శబ్దమయ్యేవారు కాదు. పదకొండు బాల్కనీలు ఒక్కసారిగా అడుగు వెనక్కి వేశాయి, అన్ని కళ్లూ ఆయన మీద గుచ్చుకున్నాయి. మునినారాయణప్ప కూడా, చేతిలో అప్పుడే తీసిన మూతతో, తలెత్తి ఆయన వైపే చూశాడు. చూసి, మాస్కు వెనక నుంచి గంభీరంగా పలికాడు.

"ఎంటు."

ఏంటని అడుగుతున్నాడనుకున్నాడు శామ్యూల్. దోషిలా చేతులు కట్టుకున్నాడు. "ఏం లేదండీ. పోపు ఘాటు."

"ఎంటు, మేష్ట్రే. ఎంటు."

"అబ్బే, నిజంగా ఏం లేదు సార్. జలుబు కూడా కాదు. మొన్ననే ఇంటికొచ్చి టెస్టు చేశారు, నెగెటివ్ వచ్చింది."

"అయ్యో రామా, ఎంటు అప్పా."

"కావాలంటే రిపోర్టు గ్రూపులో పెడతానండీ."

పన్నెండు బాల్కనీల్లో మొదట ఒక కిసుక్కు, తర్వాత రెండు, ఆపైన పగలబడి నవ్వులు. ఎనిమిది అనే అంకె, ఆయన ప్రాణం పెట్టి పిలిచిన అంకె, ముమ్మారు వచ్చి గడప దగ్గర నిలబడి తలుపు తట్టింది. లెక్కల సార్వభౌముడు ముమ్మారూ దాన్ని ఏం లేదు పొమ్మని సాగనంపాడు. ఆట నియమం నిర్దాక్షిణ్యమైనది, తర్వాతి అంకె పలికేలోగా హౌస్ అనకపోతే ఆ అంకె చచ్చినట్టే లెక్క. మునినారాయణప్ప నిట్టూర్చి, సాకప్పా సాకు, అంటే చాలప్పా చాలు, అనుకుంటూ, చెయ్యి తోలుసంచిలోకి దించాడు.

చెయ్యి దిగింది. మూతలు గలగలమన్నాయి. ఒకటి వేళ్లకు చిక్కింది. దాన్ని కళ్లజోడు దగ్గరికి తెచ్చి, కండక్టరు నోరు తెరిచాడు.

ఆ లిప్తలో కిటికీ రెక్క ధడాలున తెరుచుకుంది. నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్న గొంతుతో ప్రమీల, "ఏవండీ, ఎంటంటే ఎనిమిదండీ. మా వార్డులో మాత్రలిచ్చేది ఎంటు గంటెకే. అనండి తొందరగా" అంది.

తర్వాత జరిగినదాన్ని వివరించడానికి నాకు మూడు నోళ్లు కావాలి. ఎందుకంటే మూడు నోళ్లూ ఒకేసారి తెరుచుకున్నాయి. కింద "అరవత్త మూరు" అని కండక్టరు, మొదటి అంతస్తులో "హౌస్" అని మాస్టారు, మూడో అంతస్తులో "హౌస్" అని వరూధిని. అరవత్త మూరు అంటే అరవై మూడు.

అప్పుడు చెలరేగిన కోలాహలం అంతా ఇంతా కాదు. ఎనిమిది చచ్చిపోయిందని రెండో అంతస్తు, బతికే ఉందని కింది అంతస్తు, క్వారంటైన్ గదిలోంచి సాయం అందితే చెల్లదని ఒకరు, మొగుడూ పెళ్లాలకు ఒకే టికెట్టని ఇంకొకరు. మునినారాయణప్ప ఒక్క విజిల్ ఊదాడు. బస్సయినా భవనమైనా ఒక్క విజిలుకు ఆగాల్సిందే. అందరూ ఆగారు.

"నేను అరస్తా ఉంటిని, నాకేమి ఇనపడతాది?" అన్నాడు ఆయన. "ఈడ చెవి ఉండేది ఒక్కరికే. అమ్మా వరూధినమ్మా, నువ్వే చెప్పల్ల. ఏది ముందు, ఏది యెనక?"

ప్రతివాదినే న్యాయమూర్తిని చేసిన ఈ వింతకు శామ్యూల్ రెయిలింగు పట్టుకున్నాడు. ఆమె ఒక్క మాట అంటే చాలు. ఎవరు కాదంటారు? గోనెసంచి కింద పనసపండు ఆయనకు మైళ్ల దూరాన ఉన్నట్టు కనిపించింది. టికెట్టు చెమటకు మెత్తబడింది.

వరూధిని ఆవలింత మానేసింది. కళ్లు మూసుకుని, పాత ఎక్స్ఛేంజిలో కలగలిసిన రెండు లైన్లు విన్నట్టు కాసేపు నిలబడింది.

"నాకు వినబడింది చెబుతాను" అంది. "మునినారాయణప్పగారు 'అరవత్త' అన్నారు. అక్కడ ఊపిరి తీసుకున్నారు, వయసు కదా. ఆ సందులో మాస్టారి హౌస్ పడింది. 'మూరు' ఆ తర్వాత. నా హౌస్ ఆ మూరు తర్వాత. అరవత్త దగ్గర ఆగితే అది అంకె పూర్తయినట్టు కాదు, నా టికెట్టులో అరవై లేదు కూడా. కాబట్టి ఆయన ఎనిమిది బతికే ఉంది."

"ప్రమీల కోసరం చెప్తాండావా ఏమి?" అన్నాడు మునినారాయణప్ప, మెల్లిగా.

"ఎవరి కోసమూ కాదు. విన్నది విన్నట్టు చెప్పకపోతే ఇంక ఆ చెవెందుకు?" అని ఆమె పెన్నుకు మూత పెట్టేసింది.

అసత్యం ఒక్కటి ఆడితే తొమ్మిది కిలోల రాజ్యం చేతికొచ్చే వేళ, ఊపిరి సందును సాక్ష్యంగా పెట్టి ఓటమిని ఒప్పుకున్న ఈ వనితారత్నానికి నేను లేచి నిలబడి నమస్కరిస్తున్నాను. మీరు కూర్చునే పెట్టవచ్చు.

తాడు దిగింది. బకెట్టులో పట్టదని పండునే గోనెతో సహా కట్టారు. కట్టే ముందు మునినారాయణప్ప దానికి నాలుగు వైపులా శానిటైజరు కొట్టాడు. ముళ్లున్నదాన్ని ముట్టుకునేదెవరని శామ్యూల్ అనబోయి ఊరుకుని, ఏడాది లాప్‌టాప్ జీవితంలో మెత్తబడిన చేతులతో తాడు లాగాడు. పండు గోడకు రెండుసార్లు కొట్టుకుని, మొదటి అంతస్తును గెలిచింది.

"మేష్ట్రే, ఒక మాట" అన్నాడు కింది నుంచి మునినారాయణప్ప. "మేము ఏంటి అని యాపొద్దూ అనము. ఏమప్పా అంటాము. ఏంటి అనేది మీ గుంటూరోళ్లు. ఇంక మా నోట ఎంటు అని వస్తే ఎనిమిదే అనుకోండి. అయినా ఈ పండు అంత కావాలంటే అడిగుంటే నిన్ననే ఇస్తిని కదప్పా."

శామ్యూల్ ఆ చివరి వాక్యం విననట్టు లోపలికి వెళ్లాడు. చేతులకూ కత్తికీ కొబ్బరినూనె రాసుకుని, పండును చీల్చి, తొనలు తీసి, స్టీలు పళ్లెంలో పేర్చి, తలుపు ముందు స్టూలు మీద పెట్టి, తలుపు తట్టి, ఆరడుగులు వెనక్కి వచ్చాడు. తలుపు తెరుచుకుంది. చెయ్యి వచ్చింది. పళ్లెం లోపలికి పోయింది. తలుపు మూసుకుంది.

యుద్ధమంతా ఒక ఎత్తు, ఆ నిశ్శబ్దం ఒక ఎత్తు. గోడగడియారం టిక్కుమంటోంది. శామ్యూల్ ప్రార్థన చేద్దామనుకున్నాడు గానీ పనసపండు గురించి ఎలా మొదలుపెట్టాలో తెలియక, ప్రభువా అని అక్కడే ఆగిపోయాడు.

"చప్పగా ఉందండీ" అంది తలుపు.

ఆయన అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. చప్పగా. పదకొండు రోజులుగా టీకీ, కూరకీ, కాఫీకీ అదే మాట. నూనె చేతులు ఒళ్లో పెట్టుకుని, "పోనీలే, మెల్లిగా వస్తుందిలే" అన్నాడు. ఆ మాట తలుపు దాకా వెళ్లిందో లేదో.

"అది కాదు" అంది ప్రమీల. "పండు మగ్గలేదు. ఇంకో రెండు రోజులు ఉంచాల్సింది. మీకెలా తెలియలేదు? పసరు వాసన కొడుతోంది."

శామ్యూల్ తలెత్తాడు. "ఏం వాసన?"

"పసరు..." అని, ఆవిడ సగంలో ఆగిపోయింది.

ఆయన రెండు మాస్కులూ పీకేసి నూనె చేతులు వాసన చూసుకున్నాడు. నిజమే. సన్నగా, పచ్చిగా, జిగురు వాసన. దగ్గరుండి కోసిన తనకు తెలియనిది మూసిన తలుపు వెనక తెలిసింది. లోపల ఆవిడ నవ్వుతోందో ఏడుస్తోందో చెప్పడం కష్టం, బయట ఈయనదీ అదే పరిస్థితి. సంతోషమే అని మాత్రం నేను పూచీ పడగలను.

తర్వాత ఆ విజయధ్వజుడు బాల్కనీలోకి వచ్చి, పన్నెండిళ్లూ వినేలా తన దిగ్విజయాన్ని ప్రకటించాడు. "మునినారాయణప్పగారూ, మీ పండు పచ్చిది."

కుర్చీ మడుస్తున్న ఆయన రోషంగా తలెత్తాడు. "ఎవరన్నారు?"

"ప్రమీల. వాసన చూసి చెప్పింది."

మూడో అంతస్తులో వరూధిని ముందుగా అందుకుని చప్పట్లు మొదలుపెట్టింది.

ఇట్లు ఒక్క అంకెను ముమ్మారు పోగొట్టుకొని నాలుగోమారు పట్టుకొనినవాడును, మగ్గని పనసను గెలిచి మహాసామ్రాజ్యమును తిరిగి పొందినవాడును అగు శామ్యూల్ చరితము సమాప్తము. దీనిని విన్నవారి ముక్కులు వాసనలను, చెవులు సత్యమును ఎన్నడును విడువకుండుగాక. కింద మునినారాయణప్ప మాస్కు కిందికి లాగి, విజిలు నోట పెట్టుకుని, రెండుసార్లు ఊదాడు. రైట్ రైట్.